ముసలి కంప్యూటరు

ఇంట్లో ఏ వస్తువు పాతబడినా మన సంసారాల్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. "అవతల పారేసి కొత్తది కొనండి" అనేది ఒక పక్షం. "నిక్షేపంలా వున్నదాన్ని పారేయడమేమిటి?" అనేది రెండోది. కుట్టుమిషను, రేడియో, గ్రైండరు అన్నీ ఈ తగవు చూసినవే. ఇప్పుడు డెస్క్‌టాపు కంప్యూటరు వంతు వచ్చింది.

దీనికి ముహూర్తం పెట్టినవారు మైక్రోసాఫ్టు వారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా యిచ్చే భద్రతా సవరణలు నిలిపివేశారు. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా 2017లో వచ్చిన ఎనిమిదో తరం మొదలుకొని మాత్రమే పంక్తిలో కూర్చోనిస్తారు. ఫిలింనగర్ కొసన మా వాటాలో వున్నది నాలుగో తరం.

అయితే ముసలితనం ఒళ్ళంతా ఒక్కసారే రాదు. మోకాళ్ళ నొప్పికి గుండె మార్చుకుంటామా? కంప్యూటరుకయినా ఏ అవయవం అరిగిందో ముందు చూడాలి. మీట నొక్కి, కాఫీ కలుపుకుని వచ్చినా తెరమీద చక్రం తిరుగుతూనే వుంటే, దోషం చాలామటుకు హార్డుడిస్కుది. అది నిమిషానికి 5,400 లేక 7,200 చుట్లు తిరిగే పళ్ళెం. గ్రామఫోను ముల్లులాగ దానిమీద ఒక ముల్లు వెతుక్కుంటూ పోవాలి. దాని బదులు ఎస్.ఎస్.డి. పెడితే తిరిగేదీ లేదు, వెతికేదీ లేదు. పాతది సెకనుకు 150 మెగాబైట్ల దగ్గర ఆయాసపడితే, ఇది అదే సాటా తీగ మీద 500 దాటుతుంది.

గడియారం రోజూ వెనక్కిపోతున్నదంటే మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయిందన్నమాట. దాని పేరు సి.ఆర్. 2032. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 అని ఆ పేరే చెబుతుంది. ర్యాము కొనదలిస్తే మాత్రం పాతదాన్ని చేత్తో పట్టుకుపోండి. డి.డి.ఆర్. 3కూ డి.డి.ఆర్. 4కూ గాడి ఒకచోట వుండదు. పైగా 2025 చివరి నెలల్లో, కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల ర్యాము ధరలు కొండెక్కాయి. వున్నది చాలినంతకాలం దాని జోలికి పోకపోవడమే లాభం.

ఈ సరుకంతా దొరికే చోటు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కితే బండి మారే పని లేకుండా ప్యారడైజులో దిగవచ్చు. నేను వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో కుర్రవాడు "దీన్ని మ్యూజియానికి యివ్వండి మేడమ్" అన్నాడు. పక్క దుకాణం ఆయన మారుమాట్లాడకుండా ఎస్.ఎస్.డి. తీసి చేతిలో పెట్టాడు. బిగించడానికి నాలుగు మరలు, ఒక అరగంట. ముందు పాత డిస్కులో వున్నదంతా వేరేచోట నకలు తీసుకోవాలి. కరెంటు తీగ ఊడదీయాలి. లోపల చెయ్యి పెట్టేముందు పెట్టె యినుమును ఒకసారి తాకాలి. మన ఒంటిమీది స్థిర విద్యుత్తు చిప్పులకు చేటు సుమా! అన్నీ అయ్యాక విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. హాయిగా నడుస్తున్నది.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు సంగతి వేరే వున్నది.

మా వీధిలో ఒక పెద్దాయన సినిమాలకు మాటలు రాసేవారు. పాతికేళ్ళ రాతంతా కంప్యూటరులోనే వున్నది. తెరకెక్కినవి కొన్ని, ఎక్కనివి ఎక్కువ. కొడుకు ప్రేమతో కొత్త కంప్యూటరు కొని, ఫైళ్ళన్నీ జాగ్రత్తగా అందులోకి ఎక్కించాడు. తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ! ఫైళ్ళన్నీ వచ్చాయి, తెలుగు మాత్రం రాలేదు. "తెలుగు పంతులమ్మవు కదా, ఇది ఏ భాషో చెప్పమ్మా" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు గాని, చేతులు వణుకుతున్నాయి.

కారణం యిది. మన డి.టి.పి. కేంద్రాలు ఏళ్ళ తరబడి వాడిన అను వంటి పాత ఫాంట్లలో, ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే తెలుగు వేషం వేసుకుని నిలబడతాయి. ఫాంటు వున్నంతసేపే ఆ వేషం. యూనికోడులో అలా కాదు. 1991 నాటి మొదటి కూర్పునుంచే అందులో తెలుగుకు సొంత స్థలం వున్నది. 'క' సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా అది 'క'యే.

అదృష్టవశాత్తు ఆయన పాత కంప్యూటరు ఇంకా పాతసామాన్ల బండి ఎక్కలేదు. మెట్లకింద వున్నది. దుమ్ము దులిపి, బిళ్ళ మార్చి, మీట నొక్కాం. లేచింది. ఆయన ఒక ఫైలు తెరిచి మొదటి సంభాషణ పైకి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డిస్కుకు రెండు నకళ్ళు తీశాం. ప్రతి ఫైలునూ అక్కడే పి.డి.ఎఫ్. చేశాం. ఫాంటును తనలో మోసుకుపోయేలా చేస్తే, అది ఎక్కడయినా తెలుగుగానే కనబడుతుంది. ఇక మిగిలింది యూనికోడులోకి మార్చడం. మార్చే సాఫ్టువేరు అక్కడక్కడ ఒత్తులు జారవిడుస్తుంది. కనుక రోజుకు పది పేజీల చొప్పున ఆయన చదువుతుంటే నేను దిద్దుతున్నాను. అక్షరాల అందానికీ కొదవలేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ పేర్లతో యూనికోడు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి.

కాబట్టి పాత కంప్యూటరును గుమ్మం దాటించే ముందు, అందులోని తెలుగు ఫైలు ఒకటి కొత్తదానిలో తెరిచి చూడండి. చదవగలిగితే మంచిదే. పాతదాన్ని ఈ-వ్యర్థాలు సేకరించే అధీకృత కేంద్రానికి పంపండి. చదవలేకపోతే మాత్రం మరికొన్నాళ్ళు ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టండి. ముసలివాళ్ళకు మాత్రమే తెలిసిన మాటలు కొన్ని వుంటాయి. అవి మనం చెప్పించుకునేదాకా అయినా వాళ్ళు మన ఇంట్లో వుండాలి.