సెల్యూట్ చాలదు, జవాబు కావాలి
2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగితే ఉమ్మడి నల్లగొండ జిల్లా అంతా కన్నీరు పెట్టింది. ప్రాణమిచ్చిన వీరుణ్ని గుండెల్లో పెట్టుకునే మనం, ప్రాణాలతో తిరిగొచ్చి ముసలితనంలో మోకాళ్ల నొప్పులతో, గుండె జబ్బుతో కుంగుతున్న జవాన్లను ఆస్పత్రి బల్లల మీద కూర్చోబెట్టి మరిచిపోతున్నాం. 2003 ఏప్రిల్‌లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం, ఈసీహెచ్ఎస్, ఎవరి దయా కాదు. చాలామంది సైనికులు తమ వాటా కట్టి పొందిన హక్కు. సాధారణంగా ముందు ఆ పథకం పాలీక్లినిక్‌లో చూపించుకోవాలి, రెఫరల్ తీసుకోవాలి, ఆపైన ఒప్పందమున్న ఆస్పత్రికి వెళ్లాలి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా పెద్ద వైద్యానికి హైదరాబాదే దిక్కు, దాదాపు 100 కిలోమీటర్లు. డెబ్బై ఏళ్ల మనిషితో 'రేపు రండి' అంటే ఒక రోజు, బస్సు చార్జీ, తోడొచ్చిన కొడుకు కూలీ పోయినట్టే. ఈ పథకంలో మందుల కొరతను, బిల్లుల చెల్లింపులో జాప్యాన్ని కాగ్ 2015లోనే ఎత్తిచూపింది. అమెరికాలో 2014లో ఫీనిక్స్ మాజీ సైనికుల ఆస్పత్రి నిరీక్షణ జాబితాల మోసం బయటపడ్డాక మాజీ సైనికుల వ్యవహారాల శాఖ మంత్రి ఎరిక్ షిన్‌సెకీ రాజీనామా చేశారు. మన దగ్గర ఆలస్యానికి బాధ్యులెవరో రోగికి తెలియదు. ప్రతి పాలీక్లినిక్ గోడ మీద నెలనెలా రాయాలి: రెఫరల్‌కు ఎన్ని రోజులు పట్టింది, ఏ మందులు లేవు, ఎన్ని బిల్లులు ఆగాయి, జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరు. సరిహద్దులో కునుకు తీయకుండా కాపలా కాసిన వాళ్లను వైద్యం కోసం పడిగాపులు పడనివ్వడం మనందరి తప్పు.