సున్నా బిల్లు

తిరుత్తణి దాటి పళ్లిపట్టు వైపు, ఆర్.కె.పేట వైపు వెళ్తే మరమగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే ఎదురొస్తుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. రాష్ట్రం మారినా చాలా ఇళ్లలో మాట తెలుగే, బతుకు మగ్గం మీదే.

తమిళనాడు ప్రభుత్వం ఒక్కో మరమగ్గాల కనెక్షన్‌కు రెండు నెలలకు 1,000 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తోంది. ఆ లోపల వాడుకుంటే విద్యుత్ బోర్డు (ఈబీ) బిల్లు సున్నా. కట్టేదేమీ లేని కాగితాన్ని ఎవరు చదువుతారు? మడిచి పటం వెనక దోపేస్తారు.

కానీ ఆ సున్నాకూ బరువుంది. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనక ఇంచుమించు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. వెయ్యి యూనిట్లంటే 700 కిలోలు.

ఈ బరువు తూచడానికి దేశంలో ఇప్పుడొక కాటా వచ్చింది. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల పథకాన్ని ప్రకటించింది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాల్లో 282 సంస్థలకు లక్ష్యాలు పెట్టింది. రిఫైనరీలూ పెద్ద జౌళి మిల్లులూ తర్వాత చేరాయి. పద్ధతి తేలికే. 2023-24 లెక్కను ఆధారంగా పెట్టుకుని, టన్ను సరుకుకు ఇంతకు మించి వాయువులు వదలకూడదని ఒక్కో ఫ్యాక్టరీకీ గీత గీశారు. గీత కిందనే ఉంటే, మిగిలిన ప్రతి టన్నుకూ ఒక సర్టిఫికెట్; దాన్ని అమ్ముకోవచ్చు. గీత దాటితే కొనాలి. కొనకపోతే సగటు ధరకు రెట్టింపు పరిహారం కట్టాలి.

మగ్గం ఇల్లు ఈ పట్టికలో లేదు, ఉండకూడదు కూడా. నా పేచీ వేరు. ఇదే తిరువళ్లూరు జిల్లాలో, సముద్రం వైపున, అత్తిపట్టులో ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రముంది. పక్కనే వల్లూరులో 1,500 మెగావాట్ల కేంద్రముంది. బొగ్గు కాలేది అక్కడ. లక్ష్యాల పట్టికలో మాత్రం థర్మల్ కేంద్రాలు లేవు! ఆ బొగ్గు లెక్క కరెంటు తీగ వెంట నడిచి చివరికి వాడుకున్నవాడి గుమ్మం ముందు ఆగుతుంది. నూలు అమ్మే మిల్లు ఇప్పుడు లెక్క రాస్తోంది. బట్ట కొనే పెద్ద కంపెనీలూ ‘మీ మీటరుకు ఎంత కార్బన్?’ అని అడగడం మొదలుపెట్టాయి. ఆ ప్రశ్న రేపు నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్‌కూ, ఎల్లుండి మగ్గం ముందు కూర్చున్నవాడికీ వస్తుంది. ఆడిటరును పెట్టుకునే స్తోమత వాళ్లకెక్కడిది?

అందుకే రెండు మాటలు. కేంద్రం థర్మల్ కేంద్రాలను పట్టికలోకి తేవాలి; పొయ్యి ఉన్నచోట తూచకుండా దీపం ఉన్నచోట తూచడం న్యాయం కాదు. ఈబీ వాళ్లు ఉచిత బిల్లు మీద యూనిట్ల కింద ఇంకొక్క వరస అచ్చు వేయాలి: ఇన్ని కిలోల కార్బన్ అని. ఖర్చు ఒక వరస సిరా. కొనేవాడు అడిగిన రోజున నేతగాడు పటం వెనక నుంచి ఆ కాగితం తీసి చూపించగలడు.

— పొలిమేరవాసి