కామ, కాడ, మేడి: అన్నీ ‘పిడి’ కావు

కామ, కాడ, మేడి అనే మాటలన్నింటికీ ‘పిడి’ అని అర్థం రాసి ముగించడం మన వ్యాఖ్యానాలలో అలవాటైంది. ఇది అర్థవివరణ కాదు. పిడికిలి, పిడికెడు అనే మాటల పక్కన నిలిపితే పిడి గుప్పిట్లో ఇమిడేదని తెలుస్తుంది. తమిళంలో ‘పిడి’ పట్టుకొనడమనే క్రియ కూడా. కత్తికి, కొడవలికి, ఉలికి ఉండేది అదే. గొడ్డలికి, పారకు ఉండేది కామ. అది ఇనుములోని బెజ్జంలో దిగగొట్టిన పొడవాటి కర్ర. వేటు వేసేటప్పుడు పై చెయ్యి దాని మీద జారుతుంది, విరిగితే ఇనుము నిలిచి కామ మాత్రమే మారుతుంది. గరిటెకు కాడ, తామరకూ కాడే. ఇక మేడిని పిడి అనడం మరీ అన్యాయం. దున్నేవాడు మేడి పట్టేది నాగలిని మోయడానికి కాదు. కర్రు లోతు తప్పకుండా, చాలు వంకర పోకుండా అదిమి నడపడానికి.

ఇవి మాండలిక భేదాలని కొట్టివేసేవారున్నారు. ఒకే రైతు ఒకే పూట కొడవలి పిడి, గొడ్డలి కామ, నాగలి మేడి అంటాడు. ఇందులో మాండలికమెక్కడిది? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తిపదకోశం 1962లోనే వెలువడింది. దానిని తెరవకుండా రైతు కవిత్వానికి అర్థాలు రాసే పరిశోధకుడికి, నాతో సహా, సాకు లేదు.