నవ్వులో దాగిన తీర్పు

నవ్వు నాలుగు విధముల చేటని తెలుగు సామెత. ఆ చేటు నవ్వినవానికంటె నవ్వులపాలైనవానికే ముందుగా తెలియును. బ్రిటను నగరములలో ఐరిష్ వలసజనులు అనుభవించిన వివక్ష ఇందుకు నిదర్శనము.

1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకి ఐర్లండులో ఘోరమైన కరవు ఏర్పడెను. సుమారు పది లక్షలమంది మరణించిరి; అంతకు తక్కువ కానివారు దేశము విడిచిరి. వారిలో అనేకులు లివర్‌పూలు, లండను మొదలైన నగరముల మురికివాడలకు చేరిరి. ఆనాడు ఐర్లండు బ్రిటిషు ఏలుబడిలో నుండెను. ఏలినవారి రాజధానిలో వెలువడిన ‘పంచ్’ పత్రిక ఐరిష్‌వానికి కోతిమొగము తగిలించి బొమ్మలు వేసెను. తాగుబోతు, తగవులమారి, మందబుద్ధి అను మూడు ముద్రలు జాతికంతటికి పడినవి. ప్రతివానికిని ‘పాడీ’ యనునదే పేరు. పేరు పోయినచోట మనిషియు మరుగగును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము రహదారులు వేయుటకు, సొరంగములు త్రవ్వుటకు, ఇండ్లు కట్టుటకు బ్రిటనుకు పనివారు కావలసివచ్చిరి. ఐరిష్ యువకులు ఆ పనులలోను, యువతులు 1948లో నెలకొన్న జాతీయ ఆరోగ్యసేవలో నర్సులుగాను చేరిరి. ఇండ్లు కట్టిన చేతులకే అద్దెగది దొరకుట దుర్లభమయ్యెను. ఐరిష్‌వారికి గదులు లేవను ప్రకటనలు కొన్ని యిండ్ల వాకిండ్లలో కనబడెడివి. గృహవసతిలోను ఉద్యోగములోను జాతివివక్షను నిషేధించు శాసనము 1968లో గాని రాలేదు. శాసనము ప్రకటనను తొలగింపగలదు, పరిహాసమును తొలగింపజాలదు. ఆ పిదప కూడ టెలివిజను హాస్యగాండ్రకు ఐరిష్‌వాని తెలివితక్కువతనము నిత్యవస్తువుగనే యుండెను.

1974 నవంబరు 21వ తేదీ రాత్రి బర్మింగ్‌హాము నగరమున రెండు మద్యశాలలలో బాంబులు ప్రేలి 21 మంది మరణించిరి. మృతులలో ఐరిష్ సంతతివారైన అన్నదమ్ములిద్దరు కలరు. ఆ ఘాతుకమును ఖండింపని సజ్జనుడుండడు. కాని నగరముయొక్క ఆగ్రహము నేరస్థులను దాటి జాతిపై పడెను. కర్మాగారములలో ఐరిష్ కార్మికులు తోటివారి దౌర్జన్యమునకు గురియైరి. ఉత్తర ఐర్లండునుండి వచ్చి అచ్చట నివసించుచుండిన ఆర్గురకు 1975లో యావజ్జీవ కారాగారశిక్ష పడెను. ఆ శిక్ష చెల్లదని అప్పీలు న్యాయస్థానము 1991 మార్చి 14న వారిని విడిచిపెట్టెను. అప్పటికి పదునారేండ్లు చెరలో గడచిపోయినవి. నగరమున ఏటేట సాగిన సెయింట్ పాట్రిక్ పండుగ ఊరేగింపు 1996 వరకు మరల జరుగలేదు.

పరిహాసమే వారిని చెరసాలకు పంపెననుట అతిశయోక్తి యగును. కాని ఒక జాతి యంతయు ఒకటే యని తరతరములుగా నవ్వుచు నేర్చుకొన్న సమాజము, ఆపత్సమయమున ఆ జాతిలో నేరస్థుని, నిరపరాధిని వేరుపరచి చూడలేకపోవుటలో వింత లేదు. తీర్పు న్యాయస్థానమునకు చేరకముందే నవ్వులో సిద్ధమై యుండును. చర్మపు రంగు ఒకటైనచోట వివక్ష యుండదను భ్రమయు కొంతకాలము సాగినది. బ్రిటనులోని జాతిసమానతా సంఘము ఐరిష్‌వారిపట్ల వివక్షను గూర్చి 1997లో ప్రత్యేక నివేదిక ప్రకటించినది; 2001 జనాభా లెక్కలలో వారికి ప్రత్యేకస్థానము లభించినది.

ఐరిష్ జనులు తెలుగువారికి అపరిచితులు కారు. 1919లో మదనపల్లె కళాశాలలో ‘జనగణమన’కు స్వరలిపి కూర్చుటలో రవీంద్రునికి తోడ్పడిన మార్గరెట్ కజిన్స్ ఐరిష్ వనిత. మదనపల్లె చరిత్ర ఆమెను పేరుతో నెరుగును, ముద్రతో కాదు. ముద్రకు విరుగుడు అదియే.

తరగతిగదిలో ఒక బాలుని యాసను మరియొకడు అనుకరించినపుడు అందరును నవ్వుదురు. ఆ బాలుడును నవ్వవచ్చును. నవ్వకున్న మరింత నవ్వుదురని వానికి తెలియును. ఆ క్షణమున ఉపాధ్యాయుడు నవ్వునా, నవ్వడా యనునది చిన్న విషయము కాదు. ఊరిపేరుతో, జాతిపేరుతో గాక ప్రతి విద్యార్థిని వాని సొంతపేరుతో పిలుచుట న్యాయమునకు తొలిపాఠము. దానిని బోధించుటకు వేరొక పాఠ్యగ్రంథము అక్కరలేదు.