పొట్టలో గ్యాసు, భూమిలో గ్యాసు

పింఛను పుచ్చుకునేవాడు ఏమేమి చదవవచ్చునో మన సంఘం ఎప్పుడో జాబితా రాసి పెట్టింది. భాగవతం, పంచాంగం, బ్యాంకు పాసుబుక్కు, పత్రికల్లో వచ్చే చక్కెరవ్యాధి చిట్కాలు. అంతకు మించి చదివితే మనిషికి ఏదో అయిందని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. శ్రీకాకుళంలో కూర్చుని సహజవాయువు గురించి పుస్తకాలు తిరగేస్తున్నానని తెలిసి ఒక మిత్రుడు, "ఏటి మాస్టారూ, మన వయసులో గ్యాసంటే పొట్టలోదే గదా! ఓ మాత్రేసుకుంటే సరిపోద్ది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయితే ఆ హాస్యం వెనక ఒక పాత నమ్మకం దాక్కుని ఉంది. ఇంధనం సంగతి ఇంజనీర్లది, ఒప్పందాల సంగతి ఢిల్లీది, బిల్లు కట్టడం మాత్రం మనది - ఇదీ ఆ నమ్మకం. నా పోట్లాట దాని మీద.

ముందు పదార్థమేమిటో చెప్పనివ్వండి. మన వంటింటి సిలిండరులో ఉండేది ప్రొపేను, బ్యూటేను. భూమిలోంచి వచ్చే సహజవాయువులో ముఖ్యమైనది మీథేను. పశువులశాల పక్కన గోబర్ గ్యాసు ప్లాంటులో పుట్టేదీ అదే. మామూలు గ్యాసు బావి మన ఉద్దానం కొబ్బరిబోండాం వంటిది. సరైన చోట చిల్లు పెడితే లోపలున్నది పైకొస్తుంది. షేలు గ్యాసు అలా కాదు. షేలు అంటే పొరలు పొరలుగా బిగిసిన మట్టిరాయి. దాంట్లో గ్యాసు నువ్వుల్లో నూనెలా ఇమిడి ఉంటుంది. నువ్వుగింజకి చిల్లు పెడితే నూనె కారుతుందా? గానుగ ఆడాలి. ఇక్కడి గానుగేమిటంటే, రెండు మూడు కిలోమీటర్ల లోతుకి బావి దింపి, అక్కడినుంచి అడ్డంగా తిప్పి మరో కిలోమీటరో రెండో నడిపించి, నీళ్లూ ఇసకా కొన్ని రసాయనాలూ కలిపి మహా ఒత్తిడితో కొట్టి రాతిని చిట్లించడం. ఒక్కొక్క బావికి కోటి రెండు కోట్ల లీటర్ల నీళ్లు పట్టడం మామూలే. ఆ నీళ్లలో కొంత భాగం ఉప్పునీ, పాతాళంలోని ఇతర పదార్థాలనీ వెంటబెట్టుకుని మళ్లీ పైకి వస్తుంది.

"ఇదంతా బుర్రకెక్కే వయసా ఇది?" అనేవారికి జార్జి మిచెల్ సంగతి చెప్పాలి. టెక్సస్‌లో బార్నెట్ షేలు అనే రాతిపొర మీద ఆయన 1981లో పని మొదలుపెట్టాడు. సొంత కంపెనీలోవాళ్లే డబ్బు దండగన్నారు. చవకగా గ్యాసు తీసే కిటుకు 1998లో గాని దొరకలేదు. అప్పటికి ఆయనకి 79 ఏళ్లు. తర్వాత ఆయనే, ఈ పనికి గట్టి కట్టుబాట్లు ఉండాలని కూడా చెప్పాడు. ఆ వయసులో రాతిని చిట్లించేవాడు ఉండగా, దాని గురించి చదివేవాడు ఉండకూడదా?

2011 జనవరిలో ఓ.ఎన్.జి.సి. వారు ఇచ్ఛాపూర్‌లో షేలు గ్యాసు కనిపించిందని ప్రకటించారు. ఆ రోజుల్లో రైల్లో నా ఎదుట కూర్చున్న భూముల బేరగాడొకాయన, "ఇంకేటండీ, మన ఇచ్ఛాపురం దుబాయి అయిపోనాది!" అని సంబరపడ్డాడు. ఆ ఇచ్ఛాపూర్ బెంగాల్లో దుర్గాపూర్ దగ్గరుందని చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మన రెండు జిల్లాల కింద ఎక్కువగా ఉన్నది ఖొండలైటు వంటి గట్టి రాయి. కోట్ల ఏళ్ల కిందట మహా వేడికి మాగిన రాయి అది. అందులో గ్యాసు నిలవదు. షేలు ఉంటే గింటే గోదావరి, కృష్ణ డెల్టాల అడుగున ఉండాలి.

"మరయితే మనకెందుకు బాబూ?" అంటారు. ఎందుకంటే, గ్యాసు మన కింద లేకపోయినా పైపులు మన మీదుగా పోవాలి. శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్‌కి పైపులైనుకి 2019లోనే అనుమతి ఇచ్చారు. గ్యాసు ఒక్కటే కూడా కాదు. బొగ్గుకైనా అణువుకైనా మన తీరమే కావాలి. కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్ల ఆలోచన, సోంపేటలో 2640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు, కాకరాపల్లిలో మరో 2640.

సోంపేట మాటే తీసుకోండి. ప్లాంటు పెడతామన్న బీల కాగితాల్లో పనికిరాని భూమి. ఊరివాళ్ల కళ్లకి అది నీళ్లు, చేపలు, పశువుల మేత, పక్కనున్న పొలాలకి ప్రాణం. బీల గురించి నిజం తెలిసినవాడు పాఠశాల గడప తొక్కని రైతు. తెలియనివాడు పెద్ద డిగ్రీలు చదివి నివేదిక రాసినవాడు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఒక్క వారం ముందు చేసి ఉంటే? 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే కథ, మళ్లీ తుపాకులే. పక్కనే తేలినీలాపురంలో ఏటేటా దిగే పక్షులకున్న పేరు కూడా ఆ ఊళ్ల మనుషులకి దక్కలేదు.

నన్ను కరెంటుకి శత్రువనుకోకండి. 1955లో మాచ్‌ఖండ్ నుంచి కరెంటు పుట్టాకనే ఈ ప్రాంతంలో చాలా ఊళ్లు కిరసనాయిలు దీపం ఆర్పాయి. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయ్ కొలిమి ఆగితే ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆగుతుందో నాకు తెలుసు. బొగ్గుతో పోలిస్తే గ్యాసు మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు సుమారు సగమే వస్తుంది. అది గ్యాసు పక్షాన గట్టి మాటే. కాని మండకుండా మీథేను కారిపోతే, 20 ఏళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. మరి కారకుండా చూసేవాడెవడు? 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో పైపు పేలి తెల్లవారుజామున ఇళ్లు కాలిపోయాయి. ఇరవై మందికి పైగా పోయారు. ఇవి మామూలు గ్యాసు తెచ్చిన ముచ్చట్లు. షేలు దాకా ఇంకా పోనేలేదు.

వాగ్దానాల సంగతీ అంతే. కేజీ బేసిన్ డి-6లో 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైతే రాష్ట్రం జాతకం మారిపోయిందన్నారు. 2010లో రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చి, ఆ పైన జారిపోయింది. దాన్ని నమ్ముకుని కట్టిన గోదావరి జిల్లాల విద్యుత్తు ప్లాంట్లు గ్యాసు లేక పడుకున్నాయి. అప్పు పడుకోలేదు, వడ్డీతో సహా మేలుకునే ఉంది.

అన్నిటికన్నా నేను గట్టిగా అడిగేది నీళ్ల గురించి. అమెరికాలో పెన్సిల్వేనియా రైతులు మా నూతినీళ్లలో మీథేను చేరిందని గోల పెడితే, "ముందునుంచీ లేదని రుజువేదీ?" అన్నాయి కంపెనీలు. చాలా చోట్ల ముందు ఎవరూ కొలవలేదు. మన ఉద్దానం సంగతి చూడండి. వేలమందికి మూత్రపిండాలు పాడయ్యాయి. అందరూ నీళ్లని అనుమానించారు, ఎందరో పరీక్షించారు, ఇదీ కారణమని తేల్చలేకపోయారు. జబ్బు వచ్చాక వెతకడం ఎంత కష్టమో మనకంటే ఎరిగినవారెవరు? కనుక గోతికి ముందే కొలత కావాలి. యంత్రం దిగకముందే చుట్టుపక్కల నూతులన్నిటి లెక్కా పంచాయితీ గోడమీద తెలుగులో ఉండాలి.

ఆ హక్కు మనకి ఇస్తున్నారా? 2006 పర్యావరణ నిబంధనల ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి ముందు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. సారాంశం మాత్రమే! కొబ్బరి వాళ్లకి, పీచు మనకి. 2020 జనవరిలో ఇంకో అడుగు వేసి, చమురు, గ్యాసు అన్వేషణ బావుల్ని ప్రజల్ని అడగనక్కర్లేని వర్గంలోకి మార్చారు. అంటే తవ్వి చూసేదాకా నోరు మూసుకోండి, గ్యాసు పడ్డాక అభిప్రాయం చెబుదురు గాని అన్నమాట. పెళ్లి చూపులు లేవు, తాళి కట్టాక పిల్లని అడుగుతారట!

అందుకే ఈ చదువు పింఛనుదారులకే తగినదని నా వాదన. ఉద్యోగికి బదిలీ భయం. వ్యాపారికి లైసెన్సు భయం. కుర్రవాడికి రేపు ఆ కంపెనీలోనే దరఖాస్తు పెట్టుకోవాలన్న ఆశ. మనల్ని ఎవరు ఎక్కడికి బదిలీ చేస్తారు? మనకి తీరిక ఉంది, కళ్లజోడుంది, ఒక కాగితాన్ని మూడుసార్లు చదివే ఓపిక ఉంది. ఏ ఊళ్లో ఏ సభ పెట్టినా వెళ్లి ముందు వరసలో కూర్చుని నాలుగు ప్రశ్నలు అడుగుదాం. నీళ్లెక్కడినుంచి తెస్తారు? వాడిన నీళ్లెక్కడ పోస్తారు? ఇవాళ మా నూతిలో ఏముందో రాసి సంతకం పెడతారా? గ్యాసు అయిపోయాక ఆ బావి నోరు ఎవరు మూస్తారు, అందుకు డబ్బు ఇప్పుడే ఎక్కడ దాస్తారు? జవాబు తెలుగులో చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి. మనం తొందరగా ఇంటికి పోయి చెయ్యవలసిన పనేమీ లేదు కదా.