గేరు లేని బండిలో మజా ఉందా?

"ఏమ్రా, దీంట్లో గేర్లు లేవా? మరి నువ్వేం చేస్తావ్ కూచోని?"

పోయిన నెల ఫ్రెండ్‌ని బతిమాలి అతని ఎలక్ట్రిక్ కారు తీసుకుని బెంగళూరు నుంచి మా కొత్తచెరువుకు వెళ్లాను. మా నాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. రేంజ్ ఎంత, రేటు ఎంత అని అడగలేదు. ఇంట్లో ఉన్న పెట్రోల్ కారుకు పదిహేనేళ్లు. దాన్ని మార్చి ఏం కొనాలన్నది ఏడాదిగా తెగని పంచాయితీ. డబ్బులు నావి, నడిపేది ఆయన, అదీ చిక్కు.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. తెల్లారుజామున ధర్మవరం రోడ్డులో, మీటరు వైపు చూస్తే మొట్టికాయ పడేది. ఇంజిన్ సప్పుడు విని గేరు మార్చాలి, అంతే. ఇప్పటికీ క్లచ్ వదిలేటప్పుడు పాదం కింద ఆ చిన్న వణుకు తగిలితే నాకు హాయిగా ఉంటుంది. మీలో కూడా చాలామందికి ఈ పిచ్చి ఉండే ఉంటుంది. కాబట్టి ఆయన ప్రశ్న నాదీ, మీదీ కూడా.

ముందు అందరూ చెప్పే సంగతి. ఎలక్ట్రిక్ మోటారు కదలకుండా ఉన్నప్పటి నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. మా ఊరికి దగ్గర్లోనే, పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కారెన్స్ క్లావిస్ ఈవీని చూడండి. మూడు వరసల సీట్ల ఫ్యామిలీ బండి. పెద్ద బ్యాటరీ మోడల్‌లో 255 న్యూటన్ మీటర్ల టార్క్, సున్నా నుంచి వందకు 8.4 సెకన్లని కంపెనీ లెక్క. పిన్నినీ, బాబాయినీ, పిల్లల్నీ ఎక్కించుకుని పెళ్లికి పోయే బండికి ఇది ఎక్కువే.

కానీ నిజం చెప్పాలంటే ఆ కిక్కు నాకు రెండు రోజులే. మూడో రోజుకి లిఫ్ట్ ఎక్కినట్టే ఉంది. బటన్ నొక్కితే పైకి పోయే లిఫ్ట్‌లో మన గొప్పేముంది?

ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. హ్యుందాయ్ 2023లో చూపించిన అయానిక్ 5 ఎన్‌లో సాఫ్ట్‌వేర్‌తో ఎనిమిది దొంగ గేర్లు పెట్టింది. గేరు మార్చినట్టు చిన్న కుదుపు, స్పీకర్లలోంచి ఇంజిన్ సౌండ్. రోజూ కోడ్ రాసుకునేవాడిని కదా, నవ్వొచ్చింది. ఫోన్ కెమెరాలో షట్టర్ సౌండ్ లాంటిదే. అయితే నేను దాన్ని నడపలేదు కాబట్టి ఎక్కువ వెక్కిరించను.

నాకు అసలు మజా దొరికింది వేరే చోట. వచ్చేదారిలో చిక్కబళ్లాపురం దగ్గర హైవే వదిలి నంది కొండ ఎక్కాను. ఎక్కేటప్పుడు మామూలే. దిగేటప్పుడు మొదలైంది ఆట. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త వదిలితే మోటారు జనరేటర్‌గా మారి బండిని వెనక్కి లాగుతుంది, ఆ శక్తి బ్యాటరీలోకి పోతుంది. ఎంత లాగాలో స్టీరింగ్ దగ్గరి మీటలతో మార్చుకోవచ్చు. మలుపుకి ఎంత ముందు కాలు వదలాలి, ఎంత వదలాలి అన్నది లెక్క. తప్పితే బ్రేక్ తొక్కాలి, ఆ శక్తిలో కొంత వేడిగా వృథా. మొదటి నాలుగు మలుపుల్లో అన్నీ తప్పాను. కిందికొచ్చేసరికి బ్రేక్ దాదాపు ముట్టలేదు. అచ్చం నాయన చెవితో గేరు మార్చమన్న రోజుల్లాగే, తప్పు చేస్తే బండి వెంటనే చెప్పేస్తోంది.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ రేసు గుర్తుందా? హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల ట్రాక్. ఆ కార్లకు వెనక చక్రాల దగ్గర మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు, మోటారే ఆపాలి. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్, వెనక తరుముతున్న నిక్ క్యాసిడీ కన్నా బ్యాటరీలో తక్కువ మిగిలున్నా, అర సెకను లోపు తేడాతో కాపాడుకున్నాడు. ఎక్కడ కాలు వదలాలో తెలిసినవాడిదే ఆ ఆట. సౌండ్ లేదని అప్పుడు ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని.

పోయింది కూడా ఉంది. బ్యాటరీయే వందల కేజీలు. అది నేలకు దగ్గరగా ఉండటంతో మలుపులో బండి పెద్దగా ఒరగదు, కానీ పాత కారులా చటుక్కున తిరగదు, బరువు తెలుస్తుంది. ఇంకోటి, మా ఊరి దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది. కాపరికి నా బండి వస్తున్నట్టే తెలియలేదు. హారన్ కొడితే ఉలిక్కిపడి తిట్టాడు. తిట్టాల్సిందే.

మర్నాడు తాళం నాయనకిచ్చి పక్కన కూచున్నాను. పెనుకొండ రోడ్డులో పోతుంటే ఎడంకాలు లేని క్లచ్‌ని వెతుకుతూనే ఉంది. ఒకచోట ఉలవకట్టె రోడ్డుమీద పరిచి ఉంది. ఆయన దూరం నుంచే కాలు మెల్లగా లేపాడు. బండి నెమ్మదించి, కట్టె మీదుగా పాకి, మళ్లీ అందుకుంది. తిరిగొచ్చేటప్పుడు మాట్లాడ్డమే మానేశాడు. ఇంటి ముందు ఆపి, "బస్టాండు దగ్గర బ్రేకు తొక్కలేదు, చూసినావా?" అన్నాడు.

వచ్చే ఆదివారం ఇద్దరం టెస్ట్ డ్రైవ్‌కి పోతున్నాం. షరతు ఒకటే పెట్టాడు. పాత బండిని ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకూడదట. నేనూ బేరం ఆడలేదు.