గేట్ స్కోరూ, బి.సి.-ఇ సర్టిఫికెట్టూ

ఇంజినీరింగు చదివిన మన పిల్లలకు ప్రభుత్వరంగ సంస్థల్లోకి గేట్ పరీక్ష మంచి దారి. ఎన్.టి.పి.సి., పవర్ గ్రిడ్ వంటి సంస్థలు ఈ స్కోరు చూసి ఇంజినీరు ట్రైనీలను తీసుకున్నాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుందన్న మాట నిజమే గాని, సంస్థలు తమ ప్రకటనలో చెప్పిన సంవత్సరపు స్కోరునే అడుగుతాయి.

మమ్మల్ని కలవరపెడుతున్న చిక్కు మరొకటి. 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ నాలుగు శాతం రిజర్వేషను రాష్ట్ర కాలేజీలకు, రాష్ట్ర ఉద్యోగాలకే. కేంద్ర ఓబీసీ జాబితా వేరు. అందులో దూదేకులవారు ఉన్నారు, షేక్‌లు లేరు. కాలేజీలో సీటు తెచ్చిన కాగితమే ఇక్కడా నడుస్తుందనుకుని దరఖాస్తులో ఓబీసీ అని రాస్తే, సర్టిఫికెట్ల తనిఖీలో, అంటే ఇంత శ్రమా అయ్యాక, అభ్యర్థిత్వమే పోవచ్చు.

అలాంటి కుటుంబాలకు 2019లో వచ్చిన ఇ.డబ్ల్యు.ఎస్. పది శాతం కోటా ఉంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. పొలం, ఇంటి షరతులు వేరే ఉన్నాయి. వయసు సడలింపు మాత్రం సాధారణంగా ఉండదు. రాష్ట్రంలో బి.సి.-ఇ కదా అని తహసీల్దారు కార్యాలయంలో అభ్యంతరం చెబితే, కేంద్ర ఉద్యోగాలకు చూసేది కేంద్ర జాబితానేనని వివరించి, కేంద్ర నమూనాలోనే సర్టిఫికెట్టు అడగాలి. అది ఏటా కొత్తది కావాలి. గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది. ఈ కాగితం పని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి.